డాబా మీద పాత డిష్... మ్యాచ్ టైముకి లేచింది!

మా ఇంటి డాబా మీద ఓ తెల్లటి డిష్ ఉంది. ఊళ్లో అందరికీ డీటీహెచ్ డిష్‌లు ఉన్నాయి కానీ ఇది వాటికి పెద్దన్న. అడ్డంగా కొలిస్తే 120 సెంటీమీటర్లు. తొమ్మిదేళ్లుగా దాని ఉద్యోగం ఒక్కటే, అమ్మ బట్టలారేసే తాడుకి ఒక కొస పట్టుకోవడం. వానాకాలంలో బీరతీగ కూడా ఎక్కేది. పాత సామాన్లవాడు వచ్చినప్పుడల్లా దానివైపు చూసి రేటు చెప్పేవాడు. నాన్న ‘అమ్మేది లేదు’ అని లోపలికెళ్లిపోయేవాడు.

ఎందుకు అమ్మడో మాకు తెలుసు. అందుకే అడిగేవాళ్లం కాదు.

2009లో నాన్న అప్పు చేసి ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. మాది మార్కాపురం దగ్గర పల్లె. అప్పట్లో మా దాకా నెట్ కేబుల్ రాలేదు. దాంతో శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించాడు. డిష్ డబ్బులు కూడా ఆయనే కట్టాడు. నేనప్పుడు ఎనిమిదో క్లాసు. ఏ పేజీ నొక్కినా కాసేపు ఏమీ కాదు, తర్వాత మెల్లగా తెరుచుకుంటుంది. కారణం ఇంజినీరింగ్‌లో చేరాక గానీ అర్థం కాలేదు. మన క్లిక్కు 36 వేల కిలోమీటర్లు పైకెళ్లి, మళ్లీ కిందికి దిగి, జవాబు కూడా అదే దారిలో తిరిగి రావాలి. కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను. ఇప్పుడు పబ్‌జీలో పింగ్ అరసెకను ఉంటే ఫోన్ విసిరేస్తాం కదా. అప్పుడు మాకు అదే అద్భుతం. పదో తరగతి రిజల్ట్స్ రోజు సెంటర్ ముందు తిరునాళ్లే. నా రిజల్ట్ కూడా ఆ డిష్ మీదే దిగింది. నాకంటే ముందు నాన్నే చూశాడు.

తర్వాత సంగతి మీరే ఊహించుకోవచ్చు. వానొస్తే లైన్ పోయేది. కంప్లయింట్ ఇస్తే వారానికి ఎవరో ఒకరు వచ్చేవారు. ఈలోపు అందరి చేతిలో ఫోన్లు. 2014లో సెంటర్ మూసేశాం. కంపెనీవాళ్లు మోడెమ్ పట్టుకెళ్లి డిష్ వదిలేశారు. అప్పు తీరడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. సెంటర్ గురించి నాన్న ఇంట్లో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు మండలంలో జిరాక్స్ షాపు నడుపుతున్నాడు.

మరి ఆ డిష్ జోలికి నేనెందుకెళ్లానంటే, క్రికెట్ కోసం. 2023 వరల్డ్ కప్ ఫోన్‌లో ఫ్రీగానే వచ్చింది, గుర్తుంది కదా. కానీ నాన్నకి అప్పుడే ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అక్టోబర్ 14న పాకిస్తాన్ మ్యాచ్ ఫోన్‌లో చూసి రాత్రంతా కన్ను నీరు కారింది. ఇంట్లో డీటీహెచ్ ప్యాక్‌లో స్పోర్ట్స్ చానళ్లు లేవు. ‘వేయిస్తా నాన్నా’ అంటే, ‘నెలనెలా నువ్వు కట్టేదేంది, వద్దు’ అన్నాడు. మా నాన్నతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

అప్పుడు తట్టింది, డీడీ ఫ్రీ డిష్. ప్రసార భారతిది, 2004 డిసెంబరులో మొదలైంది. నెల ఫీజు లేదు, బాక్సు కొనుక్కుంటే చాలు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ముఖ్యమైన ఇండియా మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రైవేట్ చానళ్లు ప్రసార భారతికి ఇవ్వాలని 2007లో చట్టం వచ్చింది. అలా ఇచ్చిన సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్ల మీద, ఫ్రీ డిష్ మీద మాత్రమే చూపాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే డబ్బు కట్టే కేబుల్‌లో ఉన్న డీడీలో రాని మ్యాచ్, డబ్బు కట్టని ఫ్రీ డిష్‌లో వస్తుంది!

కొత్త చిన్న డిష్ కొంటే అయిపోయేదిగా అంటారేమో. అయిపోయేది. కానీ నాకు ఆ పెద్దన్నను లేపాలనిపించింది.

డిష్ అంటే అద్దం లాంటిదే. దానికి ఇంటర్నెట్ తెలీదు, టీవీ తెలీదు. దూరం నుంచి వచ్చే తరంగాలను ఒక చోటికి పోగేయడమే దాని పని. తెలివంతా ముందున్న కొమ్ముకి తగిలించిన పెట్టెల్లో ఉంటుంది. ఇంటర్నెట్ డిష్‌కి అక్కడ రెండుంటాయి, సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ ఒకటి, అందుకునేది ఒకటి. మా డిష్‌కి పదేళ్ల తుప్పుతో సహా రెండూ ఉన్నాయి. అవి తీసేసి మామూలు యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ పెడితే టీవీ డిష్ రెడీ. (మీరు చేస్తే ఆ ట్రాన్స్‌మిటర్‌కి కరెంట్ లేదని ముందు ఖాయం చేసుకోండి. పని చేస్తున్నదాని ముందు తల పెట్టకూడదు. డిష్ కంపెనీదైతే అడగండి కూడా. ఇక స్టార్‌లింక్ బల్లతో ఇది కుదరదు. అది అసలు గిన్నె కాదు, 550 కిలోమీటర్ల ఎత్తులో పరిగెత్తే శాటిలైట్ల కోసం చేసిన వేరే జాతి.)

కోఠీ గుజరాతీ గల్లీలో ఎల్‌ఎన్‌బీ, ఫ్రీ డిష్ బాక్సు, కేబుల్ కొనుక్కుని దసరా సెలవులకి శుక్రవారం రాత్రి బస్సెక్కా. ఆదివారం, అక్టోబర్ 22, మధ్యాహ్నం రెండింటికి న్యూజిలాండ్ మ్యాచ్. చేతిలో ఒకటిన్నర రోజు.

‘డిష్ విప్పనా?’ అనడిగా. నాన్న పేపర్‌లోంచి తలెత్తలేదు. ‘ఏదో ఒకటి చేస్కో’ అన్నాడు.

ఫ్రీ డిష్ చానళ్లు జీశాట్-15 నుంచి వస్తాయి. 2015లో ఇస్రో పంపిన శాటిలైట్, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర భూమధ్యరేఖ పైన ఉంటుంది. మా ఊరి నుంచి లెక్కేస్తే దిక్కు 137 డిగ్రీలు, అంటే దాదాపు ఆగ్నేయమే. ఎత్తు 65 డిగ్రీలు. లెక్క ఈజీ. ఫోన్ కంపాస్‌తో ఆ దిక్కు పట్టుకోవడమే కష్టం. డాబాలో చువ్వలు, పక్కన ఇనుప స్తంభం. రెండడుగులు జరిగితే కంపాస్ ఇరవై డిగ్రీలు తిరిగిపోతోంది.

దాన్ని పక్కనపెట్టి సూర్యుణ్ని నమ్ముకున్నా. ఆ రోజు ఉదయం 10 గంటల 24 నిమిషాలకి మా ఊళ్లో సూర్యుడు సరిగ్గా 137 డిగ్రీల దిక్కులో ఉంటాడు. ఆ నిమిషంలో నిటారు స్తంభం నీడ ఎటు పడితే దానికి ఎదురు దిక్కే మనది. అలారం పెట్టుకుని, మోగగానే సుద్దముక్కతో నీడ మీద గీత గీశా. ఈ ట్రిక్‌కి రూపాయి ఖర్చు లేదు. మీ ఊరికి టైము వేరేగా ఉంటుంది, సూర్యుడి దిక్కు చెప్పే యాప్‌లో చూసుకోండి.

తుప్పు బోల్టులకి కిరసనాయిలు పోసి రెండు గంటలు కుస్తీ పట్టా. కొత్త ఎల్‌ఎన్‌బీ పాత కొమ్ముకి పట్టలేదు. మోటార్ వైండింగ్ షాపాయన ఇనుపపట్టీ ఒకటి కోసి రంధ్రాలు వేసిచ్చాడు. సాయంత్రానికి అంతా బిగించి టీవీ ముందు అమ్మని కూర్చోబెట్టా.

‘అమ్మా, క్వాలిటీ ఎంత?’

‘పైన గీత ఎనభై ఉంది. కింద గీత సున్నా.’

పైన గీత స్ట్రెంత్. కేబుల్, ఎల్‌ఎన్‌బీ బతికున్నాయని చెప్తుంది, అంతే. శాటిలైట్ దొరికిందా లేదా చెప్పేది కింద గీత, క్వాలిటీ. చాలామంది పైగీత చూసి మురిసిపోయి దెబ్బతింటారు. చీకటిపడేదాకా తిప్పా. సున్నా, సున్నా, సున్నా. పెద్ద డిష్‌తో చిక్కేంటంటే దాని చూపు సన్నన. అరవై సెంటీమీటర్ల డిష్ మూడు డిగ్రీల వెడల్పున చూస్తే ఇది అందులో సగమే చూస్తుంది. అంచు దగ్గర సెంటీమీటరు కదిపితే దాదాపు ఒక డిగ్రీ పోయినట్టే. రాత్రి అన్నం దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. నాన్న అయితే అసలు నావైపే చూడలేదు.

పొద్దున లేచేసరికి డాబా మీద నాన్న ఉన్నాడు. నిన్నంతా పైకి రాని మనిషి. డిష్ కొమ్ము మీద వేలుపెట్టి చూపించాడు. ‘పాతది ఇక్కడిదాకా ఉండేది. రంగు చూడు.’

నిజమే. పాత పెట్టె కింద ఎండ తగలనిచోట పెయింట్ ఇంకా కొత్తగా ఉంది. ఆ హద్దుకీ నా ఎల్‌ఎన్‌బీ మూతికీ నాలుగంగుళాల తేడా. డిష్ పోగేసిన సిగ్నలంతా ఒకచోట పడుతుంటే నేను పక్కచోట దోసిలి పట్టా! విప్పేముందు కొలత తీసుకోవాలని నాకు తట్టలేదు. బీటెక్ ఫస్ట్ క్లాస్.

‘ఆ బిగించినతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పాడు. డిష్ నేనే పట్టుకున్నా’ అన్నాడు నాన్న. సెంటర్ గురించి ఆయన నోట ఒక మాట వినడం ఎన్నేళ్లకో.

మూతిని ఆ హద్దుకి జరిపాం. డిష్ నాన్న పట్టుకున్నాడు. సుద్దగీత దగ్గర మొదలుపెట్టి ఒక్కో వేలెడు జరిపి, ఐదు సెకన్లు ఆగి, మళ్లీ జరిపి. (ఆగాలి. బాక్సు సిగ్నల్ పట్టుకోవడానికి టైము తీసుకుంటుంది.) పదకొండు దాటాక కింద నుంచి అమ్మ కేక, ‘నలభై ఏడు! రేయ్, నలభై ఏడు!’

ఇంకో చిన్న మర్మం మిగిలింది. శాటిలైట్ మనకి నేరుగా దక్షిణాన లేదు, తూర్పుకి జరిగి ఉంది. దాంతో మన దగ్గర సిగ్నల్ ఏటవాలుగా దిగుతుంది. ఎల్‌ఎన్‌బీని కూడా దాని గూట్లోనే నలభై డిగ్రీల దాకా మెలితిప్పాలి. అటు తిప్పితే తగ్గింది. ఇటు తిప్పితే ఎనభై రెండు. ఎనభై రెండు దగ్గర నట్లు బిగించేశాం.

రెండింటికి డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్. షమీ ఐదు వికెట్లు తీశాడు. తర్వాత మన బ్యాటింగ్ మధ్యలో స్క్రీన్ మెల్లగా తెల్లబడటం మొదలైంది. ప్లేయర్లు మసకమసక. నా గుండె జారింది. నాన్న అప్పటికే లేచి చెప్పులేసుకున్నాడు, డాబా ఎక్కడానికి. అంతలో కామెంటరీలో చెప్పారు, ధర్మశాల గ్రౌండ్‌లో పొగమంచు, ఆట ఆపారని. నాన్న చెప్పులతోనే కూర్చుని చాలాసేపు నవ్వాడు.

ఇప్పుడు కాస్త నిజం కూడా చెప్పాలి. బాక్సులో సప్తగిరి, యాదగిరి వచ్చాయి, హిందీవి కుప్పలుగా వచ్చాయి. అమ్మ సీరియల్ చానళ్లు మాత్రం రాలేదు. ప్రైవేట్ చానళ్లు ఇందులో స్లాట్‌లు వేలంలో కొనుక్కోవాలి కాబట్టి లిస్టు మారుతూ ఉంటుంది. డీటీహెచ్ చిన్న ప్యాక్ ఒకటి అలాగే ఉంచాం. డబ్బంతా మిగిలిపోతుందని మాటిస్తే అబద్ధమవుతుంది. వానలో మాత్రం మా పెద్దన్నే గెలుస్తోంది. చిన్న డిష్‌కి నాలుగు రెట్ల వైశాల్యం కదా, మామూలు వానకి బొమ్మ ఆగట్లేదు.

ఆ డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు నాన్నకి ఫోన్ చేశా. డిష్ ఎలా ఉందని అడిగా.

‘కరెంటే లేదు, ఇంక టీవీ ఏం చూస్తాం! పైకెళ్లి చూసొచ్చా. గీత మీదే ఉంది’ అన్నాడు.