బందరు యాత్ర

యాత్ర యనిన మనకు కాశీయు, రామేశ్వరమును స్ఫురించునే గాని ఇంటి చేరువనున్న చోటులు తోచవు. గుడివాడలో ఇరువదియేండ్లు కాపురముండియు నేను బందరును కన్నులార జూచినది మొన్నటి కార్తికముననే. అత్తగారు సముద్రస్నానము చేయగోరగా, పిల్లలను వెంటబెట్టుకొని వేకువరైలు ఎక్కితిమి.

గుడ్లవల్లేరు, కవుతరము దాటి ముందుగా పెడనలో దిగితిమి. బందరు పేరును దేశాంతరముల కెక్కించిన కలంకారీ అద్దకము నేడు ముఖ్యముగా నిచ్చటనే సాగుచున్నది. నూలుబట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి యెండబెట్టుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట ఊరవేయగా వచ్చినదే నలుపురంగు. పటికనీరు అద్దిన భాగములు, ఎఱ్ఱవన్నె నిచ్చు వేళ్లతో ఉడికింపగా ఎఱ్ఱనగును. ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క టేకు అచ్చు. నడుమ నడుమ బట్టను పెక్కుమారులు నీట జాడింపవలెను. "ఒక్క చీరకు ఇంత పనియా!" యని మా అమ్మాయి విస్తుపోయినది. బేరమాడుటకు నాకును నోరు రాలేదు.

గోలకొండ సుల్తానుల యేలుబడిలోని ఈ రేవునకు 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వచ్చిరి. వారి ముఖ్యమైన బేరము ఈ తీరపు బట్టలే. పారసీకమునకును, ఐరోపాకును అవి ఓడలలో బోయెడివి. కడకు తమ నేతగాండ్ర బ్రతుకు చెడునని ఆంగ్లదేశమువారు, అద్దకపు నూలుబట్టలు కట్టరాదని 1721లో శాసనమే చేసిరి!

పెడననుండి బందరు చేరి, డచ్చివారి సమాధులను, బందరుకోట శిథిలములను జూచి, మధ్యాహ్నమునకు మంగినపూడి పోయితిమి. ఇచటి తీరము నల్లమట్టి. సముద్రము చాలదూరమువరకు లోతులేనిది. పిల్లలకు వేడుకయే. అత్తగారు సముద్రునకు పసుపుకుంకుమలు సమర్పించి, మూడు మునకలు వేసి, మాటలేక గట్టున కూర్చుండిరి. ఆమె పుట్టినిల్లు దివిసీమ.

ఈ లోతులేమియే ఉప్పెనకు బలము. గాలి త్రోసిన నీరు పోవుదారిలేక ఎత్తుగా లేచి, పల్లపునేలపై బడును. 1864 నవంబరు 1న అట్లే వచ్చి బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని గొనిపోయినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది. ఆ తుపానులో సుమారు 10,000 మంది మడిసిరి.

కొంతసేపటికి అత్తగారు నాతో నిట్లనిరి: "అమ్మాయీ, ఆనాడు ఊరివారు మేడయింటికి రమ్మని పిలిచిరి. మా పెద్దమ్మ మాత్రము గాదెలోని ధాన్యము విడిచి రానన్నది. ధాన్యమును దక్కలేదు, ఆమెయు దక్కలేదు. ఇల్లు కదలుమన్నప్పుడు ఆడుది సామానువంక చూడరాదు."

నేడు బందరున తుపానులను కనిపెట్టు రాడారు కలదు. హెచ్చరికలు ముందుగనే వచ్చును. వినుట మాత్రము మన చేతిలోనిది.

బందరులడ్డు కొనుక్కొని సాయంకాలపు రైలులో ఇల్లు చేరితిమి. సోదరీమణులారా, ఒక్కదినము చాలును. మీరును పోయి రండు. పెడనలో ఒక్క బట్టయైన కొనుడు. మా అత్తగారి మాట మఱువకుడు.