అటక మీది పుస్తకానికి వెబ్‌సైటు అండ
పేరుంటే చాలదు... పాఠకుడికి దొరకాలి

ములకలపల్లి: కూడబెట్టిన డబ్బుతో అయిదు వందల ప్రతులు అచ్చు వేయించుకునే రచయితలు మన జిల్లాలో ఉన్నారు. ఆవిష్కరణ సభ ముగుస్తుంది. శాలువా పెట్టెలో చేరుతుంది. పంచగా మిగిలిన ప్రతులు అటకెక్కుతాయి. ఆ తర్వాత వాటి బాగోగులు చూసేవి చెదపురుగులే!

ఈ దుస్థితికి కొంత విరుగుడు రచయితకు సొంత వెబ్‌సైటు. అయితే చాలామంది పెద్ద ఫొటో, సన్మానాల జాబితా పెట్టి ఊరుకుంటారు. వచ్చిన పాఠకుడికి కావలసింది అది కాదు. ఈయన ఏం రాశాడు, చదవడానికి ఒక్కటైనా ఉందా, పుస్తకం కావాలంటే ఎవరిని అడగాలి? ఈ మూడింటికీ మొదటి పేజీలోనే జవాబు దొరకాలి.

దారి చూపినవారు

మంచి ఉదాహరణలు తెలుగులోనే ఉన్నాయి. నిడదవోలు మాలతి అమెరికాలో ఉంటూ 2001లో ‘తూలిక’ సైటు ప్రారంభించి తెలుగు కథల ఆంగ్లానువాదాలను ప్రపంచం ముందుంచారు. గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు తన పుస్తకాలను సొంత సైటులో ఉచితంగా చదువుకోనిస్తున్నారు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం, పాత పత్రికల్లో మరుగునపడిన కథల ప్రతులను తన సైటులో అందుబాటులోకి తెచ్చింది. ఈ మూడింటిలోనూ ఆకర్షణ రంగులు కాదు, చదవడానికి దొరికే సరుకు.

అక్షరాల చిక్కు

మన రచయితలకు తొలి అడ్డంకి అక్షరాలే. డీటీపీ కేంద్రాల్లో పుస్తకాలను ఎక్కువగా అను ఫాంట్లలో కూర్చారు. ఆ అక్షరాలను అలాగే సైటులో పెడితే పిచ్చి గీతలు కనిపిస్తాయి. బొమ్మలుగా పెడితే వెతికేవారికి దొరకవు. అందుకే ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్పించి, తప్పులు దిద్దుకోవాలి. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు చోటుంది. మండలి, సూరన్న, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు అక్షరాల్లో మన ములకలపల్లినే రెండు మూడు తీరుల్లో రాస్తున్నారు. రచయిత పేరుకూ ఇదే గతి పట్టకూడదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే తీరున రాయాలి.

ఇక సిగ్నలు సంగతి. అడవి పల్లెల్లో పాఠకుడి చేతిలో ఉండేది సెల్‌ఫోనే. ఫోనుతో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోను అలాగే పెడితే పేజీ తెరుచుకునేలోగా అతను విసుగెత్తి వెళ్లిపోతాడు. అదే ఫొటోను రెండు వందల కేబీలకు తగ్గిస్తే ఇట్టే తెరుచుకుంటుంది.

గొంతుకూ చోటు

ఈ ప్రాంత సాహిత్యమంతా అచ్చులో లేదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి మోగిస్తూ సమ్మక్క, సారలమ్మల గాథను, కోయ వీరుల కథలను పాడారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. అటువంటి గొంతు పోతే తిరిగి రాదు. కోయ మాటలతో రాసేవారు ఆ రచన పక్కనే తమ గొంతుతో చదివిన రికార్డు కూడా ఉంచితే, చదువురాని అవ్వ కూడా వింటుంది.

తాళం చెవి ఎవరి దగ్గర?

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి మాట. సైటు పేరు ఒకసారి కొంటే శాశ్వతం కాదు. గడువు తీరిన ప్రతిసారీ డబ్బు కట్టాలి. సైటు చేసిపెట్టిన కుర్రాడి పేరు మీదే అది ఉండి, అతను ఊరు మారితే రచయిత చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. కనుక సైటు పేరు రచయిత పేరిటే కొనాలి. పాస్‌వర్డు ఇంట్లో మరొకరికీ తెలిసి ఉండాలి. చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లపాటు రచనల హక్కు వారసులదే. హక్కు మిగిలి, రచన కనబడకుండా పోతే ఎవరికి లాభం?

యాహూ సంస్థ 2009లో జియోసిటీస్‌ను మూసివేయగానే లక్షలాది సొంత పేజీలు మూతపడ్డాయి. కాబట్టి సైటును నమ్ముకున్నా ఒక నకలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, అచ్చుప్రతులు గ్రంథాలయంలోనూ ఉంచడం మేలు. అటక మీది ఆ కట్టను ఈ ఆదివారమే దించి దులపండి!