ఓపీలో డాక్టరు చదువు: ముందు వినడం నేర్చుకోవాలి

మన ప్లస్ టూ పిల్లల్లో కొందరు నీట్ రాస్తామంటున్నారు. డాక్టరు చదువంటే లావుపాటి పుస్తకాలే అనుకుంటాం. పుస్తకంలో దొరకని చదువు ఆసుపత్రి ఓపీలో ఉంటుంది.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్‌గా పనిచేయాలి. మొదటి ఏడాది దాటాక విద్యార్థులు వార్డులకీ ఓపీలకీ వెళ్తారు. వార్డులో ఉన్న రోగికి జబ్బేమిటో చాలావరకు తేలి ఉంటుంది. జనరల్ మెడిసిన్ ఓపీకి వచ్చినవాళ్లకి అది ఇంకా తేలాలి.

అక్కడ విద్యార్థి ముందు అడగాలి: ఏమిటి బాధ? ఎన్నాళ్లనుంచి? ఏ మందులు వాడుతున్నారు? రోగి చెప్పింది రోగి మాటల్లోనే రాసుకోవాలి. తర్వాత నాడి, బీపీ చూసి ప్రొఫెసరుకి చెప్పాలి. "ఏమై ఉంటుంది? ఎందుకలా అనుకుంటున్నావు?" అని ఆయన అడుగుతారు. రోగిని తానూ చూసి, మందులు తానే నిర్ణయిస్తారు.

ఇన్ని ప్రశ్నలెందుకు, స్కాన్ తీస్తే సరిపోదా? 1975లో బ్రిటన్‌లో ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని గమనించారు. వాళ్లలో 66 మందికి జబ్బేమిటో వాళ్లు చెప్పిన మాటలతోనే సరిగ్గా అంచనా వేయగలిగారు.

ఇక్కడే భాష సంగతి వస్తుంది. "కళ్లు తిరిగాయి" అంటే గది గిర్రున తిరిగినట్టా, కళ్లు చీకట్లు కమ్మాయా, స్పృహ తప్పిందా? ఒక్కోదానికి కారణం వేరు. తమిళంలో "మయక్కం" అన్నా ఇదే చిక్కు. అందుకే 2019 నుంచి ఎంబీబీఎస్ మొదట్లోనే స్థానిక భాష నేర్పించాలని పెట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలకి ఆ రెండూ అక్కడ అక్కరకొస్తాయి. ఏదీ వదులుకోవద్దు.

పెద్దలకు ఒక మనవి. ఓపీలో విద్యార్థి ప్రశ్నలడిగితే "పెద్ద డాక్టరుకే చెప్తా" అనకుండా వీలైతే చెప్పండి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకుంది. పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తీసుకెళ్లండి. గుండెలో నొప్పి వస్తే "గ్యాసే" అని మీరే తేల్చేయకండి. ఆలస్యం చేయకుండా వెళ్లి, ఎలా ఉందో అలాగే చెప్పండి.

పిల్లలూ, ఈరోజే మొదలుపెట్టొచ్చు. మీ అమ్మమ్మనో తాతయ్యనో "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగండి. మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి.