ఇథనాలు నిలువజేయు ట్యాంకులు: చెరకు రైతుకు వానితో గల సంబంధము

మన చెరకు గానుగ దాటి, డిస్టిలరీలో ఇథనాలై, కడపట పెట్రోలులో కలియుచున్న సంగతి సభ్యులెల్లరు నెఱిగినదే. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రములయందు నూటికి 5 పాళ్లతో నారంభమైన ఈ మిశ్రమము 2022 జూనునాటికి 10 పాళ్లకును, 2025 నాటికి 20 పాళ్లకును చేరినది. ఈ రెంటిని కలుపుట ఫ్యాక్టరీలోను కాదు, పెట్రోలు బంకులోను కాదు. నడుమనున్న ఆయిలు కంపెనీల డిపోలలో. అచ్చట ట్యాంకు ఖాళీ లేనియెడల మన లారీ గేటు బయటనే నిలుచును. లారీ నిలిచినచో డిస్టిలరీ ట్యాంకు నిండును. అది నిండినచో యంత్రమాగును. చెరకు తోలిన 14 దినములలో సొమ్ము చెల్లింపవలయునని 1966 నాటి చెరకు నియంత్రణపుటుత్తర్వు శాసించుచున్నను, పెట్టె ఖాళీయైన ఫ్యాక్టరీ ఏమి చెప్పునో మనకు దెలియనిది కాదు.

ఉన్న పెట్రోలు ట్యాంకులోనే ఇథనాలు పోయరాదా యని కొందఱడుగుచున్నారు. పాతతిత్తుల సామెత యిచ్చట అక్షరాల సరిపోవును. పెట్రోలు నీటితో కలియదు. ట్యాంకు అడుగున చేరిన నీటిని కుళాయి త్రిప్పి వదలివేయవచ్చును. ఇథనాలో, నీటిని చూచిన విడువదు. మిశ్రమములో నీరు ఒక హద్దు మీరెనా, ఇథనాలు పెట్రోలును వదలి నీటితో కూడి అడుగునకు దిగును. అట్టి అడుగుసరకు బండిలో పడినచో ఇంజను నడువదు. కావున ట్యాంకు కప్పున సందులు మూసి, గాలి పీల్చు గొట్టమునకు తేమ నడ్డు సిలికాజెల్ అమర్చుదురు. లేదా లోపలి ఖాళీని నత్రజని వాయువుతో నింపుదురు. అడుగు నీటిని కనుగొను పూతమందు సైతము ఇథనాలునకు దగినది వేఱుగా కావలయును.

లోహములు, రబ్బరుల సంగతి యింకొకటి. జింకు, ఇత్తడి, అల్యూమినియము దీనికి నిలువవు. సహజరబ్బరు ఉబ్బి మెత్తబడును గనుక గాస్కెట్లు, గొట్టములు మార్చవలసివచ్చును. పాత ట్యాంకులోని త్రుప్పు, మడ్డి యూడివచ్చి జల్లెడలను పూడ్చును. అంతకంటె గూఢమైన దోషము ఉక్కు వెల్డింగులయొద్ద సన్నని పగుళ్లు పుట్టుట. అమెరికా డిపోలలో 1990 తరువాత దీనిని గుర్తించిరి. అతుకులను కాల్చి బిగువు తీయుటయు, ట్యాంకు లోపల ఎపాక్సీ పూత పూయుటయు దీనికి చికిత్సలు.

అగ్నిభయము విషయమున ఒక వింత గలదు. మూసిన ట్యాంకులో పెట్రోలు ఆవిరి మిక్కిలి చిక్కనై సాధారణముగా అంటుకొనదు. ఇథనాలు ఆవిరి మాత్రము మన దేశపు ఎండలో సరిగా నంటుకొను పాటిలోనుండును. అందుకే ద్రవముమీద తేలు లోకప్పు, నత్రజని. మంటలార్పు మామూలు నురుగు ఇథనాలు తగిలినతోడనే విఱిగిపోవును. దీనికై ప్రత్యేకమైన నురుగుమందు నిలువ యుంచవలయును. పగటివేళ దీని మంట పాలిపోయి సరిగా కానరాదు గూడ.

పూర్వము లారీలో ముందొకటి, తరువాత నొకటి పోసి, దారిలో కుదుపునకే కలియునని విడిచెడివారు. ఇప్పుడు రెండు గొట్టములు మీటర్లద్వారా ఒకచోట కలిసి, పాళ్లు కంప్యూటరుచే సరిచూడబడుచున్నవి. ఈ కొలతయందే మన లాభనష్టములున్నవి. వేడి ఒక డిగ్రీ హెచ్చిన ఇథనాలు నూటికి 0.11 వంతు వ్యాకోచించును. 20,000 లీటర్ల లారీలో పది డిగ్రీల భేదమునకు 220 లీటర్లగును. టన్ను చెరకు రసమునుండి నేరుగా సుమారు 70 లీటర్లు వచ్చును గనుక, అది మూడు టన్నుల చెరకునకు సమానము. వేసవిలో నడిరేయి నింపిన లారీని మధ్యాహ్నపుటెండలో కొలిచి, ఉష్ణోగ్రతను కాగితముపై వ్రాయనిచో వివాదము తప్పదు.

కావున సహకార ఫ్యాక్టరీల డైరెక్టరులు సరఫరా ఒడంబడికకు ముందు ఈ సంగతులు విచారింపవలయును: ఏ డిపోకు పంపవలయును, అచ్చట ఇథనాలు ట్యాంకు లెన్ని, ఎన్ని దినముల నిలువ పట్టును, దించుటకు పంపులెన్ని, కొలిచినపుడు ఉష్ణోగ్రత రసీదులో నెక్కింతురా. ఈ చివరి అంశమును గుమాస్తాకు వదలక, డైరెక్టరు ఒకరు స్వయముగా ఒకసారి డిపోకు పోయి చూచివచ్చుట మేలు.