అతుకు కుదరని చదువులు

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలేసి నేస్తారు. మన వృత్తి విద్యలో ఆ మెలికే లేదు. ముక్కలకు కొదవ లేదు: ఇంటర్లో ఒకేషనల్ గ్రూపులున్నాయి, ఐటీఐలున్నాయి, వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. దారులూ ఉన్నాయి. ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో, డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అయితే ఐటీఐ పాఠాలు కేంద్రానివి, ఒకేషనల్ పాఠాలు ఇంటర్ బోర్డువి, డిప్లొమా పాఠాలు సాంకేతిక విద్యా మండలివి. నేరుగా రెండో ఏడాదిలో కూర్చున్న ఐటీఐ కుర్రాడు డిప్లొమా మొదటి ఏడాది గణితం చదివి ఉండడు. సీటు దొరుకుతుంది, పాఠం అందదు.

నాణ్యత అనగానే కొత్త యంత్రాలు గుర్తొస్తాయి. అవీ కావాలి, 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది, మంచిదే. కానీ ముందు పాఠాలు కలవాలి, అవి మన చుట్టూ ఉన్న పనిలోంచి పుట్టాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నీళ్లూ కరెంటూ కలిసే నడుస్తాయి. జూరాల దగ్గర జలవిద్యుత్తు ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. అవి కరెంటు తీయడమే కాదు, నీటిని వెనక్కి ఎత్తిపోయగలవు కూడా. పాలమూరు ఎత్తిపోతలకు 145 మెగావాట్ల పంపులు. ఇలాంటిచోట తొమ్మిదో తరగతిలో పొలం మోటారు ఎందుకు కాలుతుందో చెప్పాలి. ఇంటర్లో దాని వైండింగూ లోడు లెక్కలూ, డిప్లొమాలో టర్బైన్ నియంత్రణ రావాలి. 2020 ఆగస్టులో ఎడమగట్టు కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది చనిపోయారు. భద్రత ప్రతి మెట్టులోనూ మొదటి పాఠం కావాలి.

పని నేర్పే చదువంటే పేదపిల్లల్ని మళ్లీ కూలికి తోలడమేనని కొందరి భయం. గద్వాలలో ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. సీడ్ పత్తికి సాయంత్రం మొగ్గలో కేసరాలు తీసి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. ఆ చేలల్లో బడి మానిన పిల్లల చేతులు ఎన్నో ఏళ్లు పనిచేశాయి. సంకరం అంటే ఏమిటో ఆ పిల్లలకు చెప్పినవారు లేరు. జర్మనీలో అప్రెంటిస్ వారంలో మూడు నాలుగు రోజులు పనిచోట, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటాడు. ఒప్పందమూ భత్యమూ ఉంటాయి. మన 1961 అప్రెంటిస్ చట్టమూ ఆ రెండింటినీ అడుగుతోంది. ఒప్పందం, శాస్త్రం, పైచదువుకు దారి, ఈ మూడూ లేనిచోట పిల్లల్ని పనిలోకి పంపడం నేరమే. నేతకారుడి కొడుకు మగ్గానికే అంటుకుపోతాడన్న అభ్యంతరానికీ జవాబు ఇందులోనే ఉంది: గణితం, ఇంగ్లీషు తగ్గించకుండా చెబితే అతను 2024లో హైదరాబాద్‌లో మొదలైన చేనేత సాంకేతిక సంస్థకూ వెళ్లగలడు, వద్దనుకుంటే ఇంజినీరింగుకూ వెళ్లగలడు.

పాఠాలు రాసే ఆ మూడు సంస్థలవాళ్లూ వనపర్తిలో ఒక నెల కూర్చోవాలి. కనీసం ఒక్క మోటారు పాఠాన్నయినా తొమ్మిదో తరగతి నుంచి డిప్లొమా దాకా కలిపి రాయాలి.