ఈత వచ్చినా సముద్రం కొత్తదే

"డాక్టరుగారూ, సెలవులకు పిల్లలతో అండమాన్ వెడుతున్నాం. నాకు ఈత బాగా వచ్చు. సముద్రంలో ఈదవచ్చునా?" అని మొన్న ఒక బ్యాంకు ఉద్యోగి అడిగారు. ఆయన ఈత నేర్చింది ఊరి కాలువలో.

నిక్షేపంగా ఈదవచ్చు. ఈతను మించిన వ్యాయామం లేదు. కాని కాలువ ఈత వేరు, సముద్రపు ఈత వేరు.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్ ద్వీపానికి (2018 నుంచి స్వరాజ్ ద్వీపం) ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణం. ఓడలో కడుపు తిప్పేవారు వాంతులు ఆపే మాత్రను గంట ముందుగానే వేసుకోవాలి. వీటిలో చాలా మాత్రలు మత్తునిస్తాయి. కనుక ఆ పూట నీళ్లలో దిగకండి. మూర్ఛ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు బయలుదేరేముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. మద్యం పుచ్చుకుని మాత్రం ఎవరూ దిగరాదు.

ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పోయేటప్పుడు ఒక్కొక్కచోట పాయగా, వడిగా లాగుతుంది. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ప్రశాంతంగా కనిపించే చోటే తరచు ఈ లాగుడు ఉంటుంది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రండి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి.

మడ అడవుల దగ్గర, ఏటి ముఖాల దగ్గర అసలు దిగవద్దు. 2010లో ఆ ద్వీపంలోనే ఒక విదేశీ యాత్రికురాలు మొసలి వాత పడింది.

గాలి సిలిండరుతో సముద్రంలో మునిగినవారు కనీసం 18 గంటలు, పలుమార్లు మునిగితే 24 గంటలు విమానం ఎక్కరాదు. రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చాలా ఏళ్ల క్రితం నేను తాలూకా ఆసుపత్రిలో ఉండగా చెరువులో మునిగిన పిల్లవాణ్ణి తెచ్చారు. బోర్లా వేసి, పొట్ట నొక్కి, నీళ్లన్నీ కక్కించామన్నారు. నీళ్లు వచ్చాయి, ప్రాణం రాలేదు. ఆ పిల్లవాడికి అప్పుడు కావలసింది ఊపిరి.

మునిగినవాణ్ణి గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, రొమ్ము పైకి లేచేలా నోటితో రెండుసార్లు ఊదండి. తర్వాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కండి. మళ్లీ రెండుసార్లు ఊదండి. ఊపిరి వచ్చేదాకా, లేదా సహాయం అందేదాకా ఆపవద్దు. తేరుకున్నా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు.

ఇదంతా విని ఆ ఉద్యోగి, "అయితే ఇది నాకన్నా మా ఆవిడకు ముందు నేర్పాలండీ!" అన్నారు. నిజమే. ఈదేవారికి ఈత వస్తే చాలదు. ఒడ్డున కూర్చున్నవారికి ఈ పని రావాలి.