ఫోటోల వెనుక మాటలు: వందల పేజీలను ఒకేసారి సరిదిద్దడం ఎలా?

దాతలిచ్చిన సొమ్ముతో జరిగిన పనికి రుజువు పూర్వం సావనీరులోని ఫోటోలే. నేడు అవి సంస్థల వెబ్‌సైట్లలోనూ ఉంటున్నాయి. వేసవిలో తాగునీటి పంపిణీ, స్కాలర్‌షిప్పులు, కుట్టుమిషన్లు... ఇలాంటి ప్రతి ఫోటో వెనుకా పైకి కనిపించని ఒక వాక్యం రాసిపెట్టవచ్చు. చూపులేనివారికి కంప్యూటర్ ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తుంది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఆ వాక్యం ఉండే చోటును ‘ఆల్ట్’ అనీ, ఫోటో ఫైలు చిరునామా ఉండే చోటును ‘ఎస్‌ఆర్‌సీ’ అనీ అంటారు. ఇలాంటి వాటినే యాట్రిబ్యూట్లు అంటారు.

2022 ఏప్రిల్ 4న మన జిల్లా రెండైంది. కదిరి, హిందూపురం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. తాడిపత్రి, గుంతకల్లు, రాయదుర్గం అనంతపురంలోనే ఉన్నాయి. వందల ఫోటోల వెనుక ‘కదిరి, అనంతపురం జిల్లా’ అని ఉంటే ఏం చేయాలి? ఒక్కొక్కటి చేత్తో దిద్దడం రోజుల పని. అలాగని ‘అనంతపురం’ కనిపించిన ప్రతిచోటా మార్చేస్తే తాడిపత్రి కూడా పక్క జిల్లాకు పోతుంది. ఫైలు చిరునామాలో ఆ పేరుంటే అదీ మారి, అసలు ఫోటోయే కనిపించకుండా పోతుంది.

ఇక్కడ పనికొచ్చేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అంటే వెతకాల్సిన అక్షరాల వరుస ఎలా ఉండాలో చెప్పే సూత్రం. దీనికి పునాది 1950లలో గణితవేత్త స్టీఫెన్ క్లీనీ వేశారు. ఆ సూత్రంతో కంప్యూటర్ వెతికే పద్ధతిని 1968లో కెన్ థాంప్సన్ ప్రచురించారు. ఫైలులో ‘ఆల్ట్’ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ తెలుగులో రాస్తే సూత్రం ఇలా ఉంటుంది:

(ఆల్ట్="[^"]*కదిరి, )అనంతపురం

ఇందులో [^"]* అంటే ‘కొటేషన్ గుర్తు తప్ప మరే అక్షరమైనా, ఎన్నైనా’ అని అర్థం. దాని బదులు .* అని రాస్తే వెతుకులాట కొటేషన్ దాటి, అదే వరుసలోని పక్క ఫోటోలోకి పాకుతుంది. బ్రాకెట్లలోని భాగాన్ని కంప్యూటర్ గుర్తుంచుకుంటుంది. మార్పు గడిలో \1శ్రీ సత్యసాయి అని రాస్తే ఆ భాగం అలాగే ఉండి, జిల్లా పేరొక్కటే మారుతుంది. కొన్ని ఎడిటర్లలో \1కు బదులు $1 అని రాయాలి.

అయితే ఈ సూత్రం అక్షరాలనే చూస్తుంది, అర్థాన్ని కాదు. 2022కు ముందు జరిగిన కార్యక్రమానికి నాటి జిల్లా పేరే ఉంచాలా అన్నది కమిటీ తేల్చుకోవాలి. ఒక పేజీలో జంట కొటేషన్లు, మరో పేజీలో ఒంటి కొటేషన్లు ఉంటే సూత్రం కొన్నింటిని వదిలేస్తుంది. పేజీలు అలా తలోరకంగా ఉన్నప్పుడు, ట్యాగుల అమరికను గుర్తించి చదివే పార్సర్ అనే ప్రోగ్రాం వాడడమే మేలు.

పని మొదలుపెట్టేముందు అన్ని ఫైళ్లకూ నకలు తీసుకోవాలి. ముందు వెతకడం మాత్రమే చేసి, ఎన్ని దొరికాయో లెక్క చూడాలి. ఒక్క పేజీలో మార్చి, ఫోటోలు కనిపిస్తున్నాయో లేదో పరీక్షించాలి. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో ఆ పేజీని ఒకసారి విన్నాకే మిగతావాటి జోలికి వెళ్లాలి. అప్పుడే మన సాయం ఏ ఊరికి చేరిందో చూపులేనివారికీ సరిగ్గా తెలుస్తుంది.